కెమెరాకి మెమో

భూతద్దం బాబాయికి ఈ సృష్టిలో అనుమానం కలగనిది ఒక్కటీ లేదు. తెల్లారిందని ఎవరైనా చెబితే కిటికీ దగ్గరికి వెళ్లి, తల బయటపెట్టి చూసి, "తెల్లారినట్టే కనిపిస్తోంది" అనేవాడు. అంతకు మించి పూచీ పడేవాడు కాదు.

ఉద్యోగం కూడా ఆ జబ్బుకు తగ్గదే దొరికింది. సముద్రం ఒడ్డున పోటుకి మునిగి, ఆటుకి తేలే ఉప్పు చిత్తడి నేలలుంటాయి. వాటి మీదుగా విమానం ఎగిరి ఫొటోలు తీస్తుంది. ఆ ఫొటోలు బల్ల మీద పరుచుకుని పచ్చిక ఎక్కడ ఏపుగా ఉంది, ఎక్కడ చిక్కిపోయింది, ఎక్కడ చచ్చిపోయింది అని రంగు పెన్సిళ్లతో గుర్తులు పెట్టడం ఆ ఆఫీసు పని. మిగిలినవాళ్లు ఫొటోని చూసేవారు. బాబాయి మాత్రం మెడలో వేలాడే భూతద్దం ఎత్తి ఫొటోని విచారణ చేసేవాడు. విచారణ పూర్తయ్యేసరికి ఏ ఫొటో అయినా నేరం ఒప్పుకోవాల్సిందే.

టీ అతను కప్పు పెట్టగానే మొదలయ్యేది.

"ఎప్పుడు కాచావిది?"

"ఇప్పుడేనండీ. నా మీద అనుమానమా బాబాయిగారూ?"

"ఛ, నీ మీద ఎందుకయ్యా! పాల మీద."

లిఫ్టు నడిపే అతనంటే ఆయనకు ప్రాణం. రోజూ లిఫ్టు ముందు ఆగి, అతని పిల్లల బాగోగులు అడిగి, ఆ తర్వాత మెట్లెక్కి పైకి వెళ్లేవాడు. తాడు మీద అనుమానం.

అలాంటి మనిషి పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయిని కూర్చోబెట్టారు. ఆమెను ఉంచుకోవాలో, ఇంటికి పంపాలో ఆ నెలాఖరుకి ఆఫీసరుగారు తేల్చాలి. ఆమె అప్పుడే గది అద్దెకు తీసుకుంది. కిటికీలో కుండీ పెట్టి మొక్క కూడా నాటింది. మొక్క వేళ్లూనుకుంటోంది. ఉద్యోగం సంగతే తెలియడం లేదు.

ఆమె ఏ గుర్తు పెట్టినా భుజం మీదుగా భూతద్దం దిగేది.

"అమ్మాయ్, ఇది నీడ కాదని ఏమిటి రుజువు?"

"సూర్యుడు అటు పక్కనున్నాడండీ."

"నీకు చెప్పి నిలబడ్డాడా?"

ఒక సాయంత్రం ఆయన అటూ ఇటూ చూసి, ఆమె గుర్తులు పెట్టిన ఫొటోలను సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోవడం ఆమె కళ్లబడింది. దాంతో అమ్మాయికీ అనుమానం అంటుకుంది. తన తప్పులన్నీ ఏరి ఆఫీసరుకి అప్పగిస్తాడన్నమాట! ఆనాటి నుంచి ఆయన ఆమె బల్లను, ఆమె ఆయన సంచిని కనిపెట్టుకుని కూర్చున్నారు. ఆ గదిలో నిశ్చింతగా ఉన్నది ఫ్యానొక్కటే. దాని మీద కూడా బాబాయికి సదభిప్రాయం లేదు.

ఇంతలో తూర్పు పాయ ఫొటోలొచ్చాయి. ఒడ్డు పొడుగునా గోధుమరంగు పట్టీ. అమ్మాయి దాన్ని "చచ్చిపోయింది" అని గుర్తించి, బాబాయి కంటబడకుండా తిన్నగా ఆఫీసరుకి పంపేసింది. ఆ నేలను పూడ్చి లారీలు నిలుపుకుంటామని కొందరు ఎప్పటినుంచో అడుగుతున్నారు. చచ్చిన నేలను పూడ్చడానికి అడ్డేముంది? ఆఫీసరు కలం మూత తీశాడు.

"ఆగండి సార్," అన్నాడు బాబాయి గుమ్మంలోంచి, బల్ల మీది ఫొటో వైపు భూతద్దం ఎత్తి. "నాకు అనుమానంగా ఉంది."

"మీకెప్పుడు లేదు?"

"ఇది పాత అనుమానం కాదు సార్. తాజాది."

ఒక్క పూట గడువు దొరికింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రబ్బరు బూట్లు తొడుక్కుని బురదలో దిగారు. తన ఉద్యోగానికి గొయ్యి తవ్వడానికి తననే వెంటబెట్టుకొచ్చాడని అమ్మాయి లోలోపల ఉడికిపోయింది. నాలుగడుగులు వేశారో లేదో బురద బాబాయి బూటొకటి పట్టుకుని వదల్లేదు. ఆయన ఒంటికాలి మీద నిలబడి, "చూశావా? ఈ నేల వాలకం మొదటినుంచీ నాకు నచ్చలేదు," అన్నాడు.

గోధుమరంగు పట్టీ దగ్గరికి చేరారు. అది పచ్చిక కాదు. పెద్ద పోటు ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చి పడేసిన ఎండుగడ్డి, బొంతలా పరుచుకుని ఉంది. అమ్మాయి ఒక పక్క ఎత్తి చూసింది. కింద పచ్చిక పాలిపోయి, వంగిపోయి, బతికే ఉంది. దాని వేళ్ల మధ్య నుంచి చిన్న చిన్న పీతలు గాభరాగా పరుగెత్తాయి. నీళ్లు తీసిన వెంటనే విమానం వచ్చి ఫొటో తీసింది. ఆకాశంలోంచి చూస్తే శవమే.

"తప్పు నాదేనండీ," అంది అమ్మాయి.

"తొందరపడి ఎవర్నీ అనుమానించకు," అన్నాడు బాబాయి.

ఆ నోట ఆ మాట విని ఆమె తన చెవుల్నే అనుమానించింది.

ఆఫీసరు సంగతంతా విని మండిపడ్డాడు. "ఇంకాస్తయితే నా సంతకం పడేది! ఎవరిదీ తప్పు?"

అమ్మాయి లేవబోయింది. బాబాయి ముందే లేచి, గొంతు సవరించుకుని, నిండు సభలో తీర్పు చదివినట్టు చెప్పాడు.

"కెమెరాది సార్."

"కెమెరా తప్పు చేస్తుందా?"

"దాని నడత మొదటినుంచీ మంచిది కాదు సార్. ఒకసారి కొంగల గుంపును చూపించి ఉప్పు మేట అంది. ఇంకోసారి, చాలా ఏళ్ల కిందట, తనను మోసుకెళ్లే విమానం నీడనే చేపల చెరువంది. ఆ చెరువును పటంలో ఎక్కించి, పేరు కూడా పెట్టుకున్నాం."

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడిచాడు. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాడు. చెవులు ఎర్రబడ్డాయి. కొత్తగా చేరిన రోజుల్లో బాబాయి పక్క బల్ల దగ్గర కూర్చుని ఆ చెరువును కనిపెట్టిన మహానుభావుడు ఆయనే.

"ఆ కెమెరాని... మార్చేశాం కదూ?"

"మార్చాం సార్. కొత్తదానికీ అదే బుద్ధి."

"అయితే దానికో మెమో ఇవ్వండి," అన్నాడు ఆఫీసరు గంభీరంగా. తూర్పు పాయ మీద గోధుమరంగు చెరిపి పచ్చరంగు వేయించాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "నెలాఖరు దాకా ఎందుకులే, నువ్వుంటున్నావు. ఇకమీద పోటెప్పుడొచ్చిందో కూడా చూసుకో," అన్నాడు.

బయటికొచ్చాక అమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది. "మరి నా ఫొటోలు ఇంటికెందుకు పట్టుకెళ్లారు?"

"ఆఫీసరు కంట పడకముందే ఇంకోసారి చూద్దామని. ఇక్కడి బల్బు మీద నాకు నమ్మకం లేదు."

పాలు, తాడు, సూర్యుడు, కెమెరా, బల్బు. ఆయన అనుమానాలన్నీ వరసగా తలచుకుంటే వాటిలో మనిషన్నవాడే లేడు.

మర్నాడు టీ అతను రాలేదు. అమ్మాయే ఆఫీసు వెనక స్టవ్వు మీద టీ పెట్టి తెచ్చింది. బాబాయి భూతద్దం ఎత్తి కప్పులోకి తొంగి చూశాడు. ఒక గుక్క తాగి ఆగాడు.

"నా మీద అనుమానమా బాబాయిగారూ?"

"ఛ, నీ మీద ఎందుకమ్మా! పంచదార డబ్బా మీద."

అమ్మాయి తన కప్పు రుచి చూసింది. కటిక ఉప్పు. కంగారుగా ఆయన కప్పు అందుకోబోయింది.

బాబాయి అప్పటికే ఖాళీ చేసి కింద పెట్టాడు.

"దానికీ ఓ మెమో ఇద్దాం," అన్నాడు.