రెండు పక్కలకూ వదినను

మొన్న శుక్రవారం తిరపతిలో ఒక పెండ్లికి ముహూర్తం చీర ఖాయం చేసి వచ్చినాను. ఎవరి పెండ్లి అని అడగొద్దు. చీర ఖాయమయ్యేదాకా వాళ్లెవరో నాకు తెలీదు, నేనెవరో వాళ్లకు తెలీదు! నవ్వండి, నవ్వండి. మా ఆయన నాలుగు దినాలుగా నవ్వుతానే ఉన్నాడు.

అసలు నాకు అంగట్లో పనేముంది చెప్పండి? ఒకప్పుడు పాకాల నుంచి పొద్దున బస్సెక్కితే చేతిలో చీటీ ఉండేది. మా వాడికి యూనిఫారం గుడ్డ, పాపకు లంగా ఓణీ, అత్తమ్మకు నూలుచీర, ఆయనకు పంచెలు. ఒక్కోటి కొని చీటీలో కొట్టేసుకుంటా గాంధీ రోడ్డంతా తిరిగేదాన్ని. కాళ్లు పీకేవి. 'ఈ కొనే పని ఎప్పుడు తప్పుతుందిరా దేవుడా' అని విసుక్కునేదాన్ని. తప్పింది! వాడికి ఉద్యోగం వచ్చింది, పాప పెండ్లయి మదనపల్లెకు పోయింది, అత్తమ్మ లేదు, ఆయన రిటైరై దినమంతా లుంగీలోనే ఉంటాడు. నా బీరువా తెరిస్తే చీరలు మీద పడతాయి. కొనాల్సింది ఏమీ లేదు. కానీ ఆ సంగతి కాళ్లకు ఎవరు చెప్పాల? నెలకొకసారి బస్సెక్కేస్తాయి. నిజం చెప్తున్నా, ఆ చీటీ మీద నాకు బెంగగా ఉంటుంది.

పోయేది ఖాదర్ భాయి బట్టలంగడికి. ఇరవై ఏండ్లుగా మా ఇంటి గుడ్డలన్నీ ఆయన చేత్తో చించి ఇచ్చినవే. నాలుగు చీరలు చూసి, కొత్త గుడ్డ వాసన పీల్చుకోని, ఆ మాటా ఈ మాటా మాట్లాడి వచ్చేస్తాను. ఆయనేమీ అనుకోడు. మొన్న పోయేసరికి ఆయన జుమ్మా నమాజుకు పోయి ఉన్నాడు. చీరలు చూపిస్తున్నది ఎవరో కొత్త సేల్స్‌మన్. తెల్ల పరుపు మీద పెండ్లిగుంపు, పది మందికి పైనే! ముందర పట్టుచీరల గుట్ట. నాకు ప్రాణం లేచి వచ్చింది. మెల్లగా ఒక ఓరన కూర్చున్నాను. "ఈడికి రాండమ్మా, జరగండి, జరగండి" అని ఆ అబ్బి నాకు నడుమన చోటు చేయించినాడు. చేతికి కాఫీ కూడా వచ్చింది.

కాసేపు వింటే అర్థమైంది. నా ఎడమపక్క ఆమె పెండ్లికూతురు తల్లి, శ్రీకాళహస్తి. కుడిపక్క ఆమె పెండ్లికొడుకు తల్లి, చిత్తూరు. రెండిండ్లూ కలిసి పెండ్లి గుడ్డలకు వచ్చినారు గానీ, వీళ్ల చుట్టాలు వాళ్లకు, వాళ్ల చుట్టాలు వీళ్లకు ఇంకా సరిగ్గా తెలీదు. ముహూర్తం చీర పెట్టేది మగపెండ్లివాళ్లు. కుంకుమరంగు పట్టు తీసి పక్కన పెట్టేసినారు. మంచి చీరే. కానీ ఆ పెండ్లిపిల్ల చెయ్యి మాత్రం పోయి పోయి ఒక చిలకపచ్చ చీర కొంగు మీదే పడుతోంది. తాకేది, ఎవరన్నా చూస్తే తీసేసుకునేది.

ఎడమపక్క ఆమె నా చెవి దగ్గరికి వంగింది. "వదినా, మా పిల్లకు ఆ పచ్చదాని మీద ఆశగా ఉండాది. పెట్టేది మీరు, మేము నోరు తెరిస్తే బాగుండదు. మీవాళ్లకు మీరే ఒక మాట చెప్పరా?"

నేను మగపెండ్లి మనిషినంట! అప్పుడే 'నేనెవరూ కాదమ్మా' అని లేచి రావాల్సింది. సగం లేచినాను కూడా. అంతలో ఆ పిల్ల నా పక్క చూసింది.

మా పాప కూడా అట్లే చూసింది, ఇదే పరుపు మీద. దానికీ పచ్చచీరే కావాలని ఉండె. "నీకేం తెలుసు, ఊరుకో" అని నేనే కుంకుమరంగు తీయించినాను. పెండ్లినాడు కట్టి మడిచిన చీర, ఇంతవరకూ పాప మళ్లీ మడత విప్పలేదు. అది గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాను. కుడిపక్కకు తిరిగి అనేసినాను. "వదినా, ఆ పచ్చది ఇప్పించండి. కట్టుకునే పిల్ల సంతోషం కదా ముఖ్యం!"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అట్నా వదినా? ఆడపెండ్లి పక్క పెద్దమనిషి, మీరు నోరు తెరిచి అడిగినాక కాదంటామా? అబ్బీ, ఆ పచ్చదే కట్టు!"

ఓరి దేవుడా! ఈమెకు నేను ఆడపెండ్లి మనిషిని! కాఫీ గ్లాసు కింద పెట్టేసినాను. జారుకుందామని చెప్పులు వెతుక్కుంటుంటే గడపలో ఖాదర్ భాయి. టోపీ సర్దుకుంటా నిండా నవ్వుతా, "ఏమక్కా! ఎప్పుడూ ఒక్కదానివే వచ్చి ఊరికే చూసిపోతావు, ఈసారి ఇంతమందిని పిల్చకొచ్చినావే! ఎవరు వీళ్లు?" అన్నాడు.

ఇద్దరు తల్లులూ నా పక్క తిరిగినారు.

"మీ మనిషి కాదా?" అని ఎడమపక్క ఆమె.

"మీ మనిషి కాదా?" అని కుడిపక్క ఆమె.

"ఊరికే చీరలు చూద్దామని వచ్చినానమ్మా" అని నీళ్లు నమిలినాను. సిగ్గుతో చచ్చిపోయినాననుకోండి. పెండ్లిపిల్ల అయితే పచ్చచీర పొట్లాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకోని కూర్చునింది. నా వల్ల అది మళ్లీ గుట్టలోకి పోతుందేమోనని నాకు ఒకటే భయం.

పెండ్లికొడుకు తల్లి ఆ పిల్లను చూసింది, నన్ను చూసింది, పక్కున నవ్వేసింది. "ఎవరైతేనేమిలేమ్మా. ఆ మొగం చూసినాక మళ్లీ కుంకుమరంగు ఎట్ల కట్టిస్తాను?" నాకు బొట్టు పెట్టి చేతిలో ఒక రవికగుడ్డ పెట్టింది. ఇద్దరూ పెండ్లికి రమ్మని మరీ మరీ చెప్పినారు.

"పోతే ఏ పక్క కూర్చుంటావే?" అని మా ఆయన ఒకటే ఎగతాళి.

రాత్రి పాపకు ఫోన్ చేసి అంతా చెప్పినాను. పడి పడి నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. ఇట్ల అనింది, "అమ్మా, నా పెండ్లి చీరకు కూడా నువ్వు ఎవరో పరాయామె మాదిరి వచ్చి కూర్చోని ఉంటే ఎంత బాగుండు!"

తగలాల్సిన చోటే తగిలింది. సోమవారం మళ్లీ తిరపతికి పోతున్నాను. పాపను కూడా రమ్మన్నాను. ఎన్నేండ్లకో చీటీ రాసినాను, అందులో ఒక్కటే ఉంది: పచ్చచీర. ఏ పచ్చ కావాలో పాపే ఎంచుకుంటుంది, నేను నోరు తెరవనని ఒట్టు పెట్టినాను. పాప నమ్మలేదు, మా ఆయన నమ్మలేదు. నిజం చెప్పాలంటే, నాకూ నమ్మకం లేదు.