పెట్టని రొట్టె

ఎలక్షన్లకు కొద్ది నెలల ముందు ఆయన పుస్తకం వచ్చింది. వలసకూలీల వెంట పాలమూరు పల్లెలన్నీ కాలినడకన తిరిగిన వకీలు ఆయన, ఆ ఎలక్షన్లలో నిలబడుతున్నాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బస్టాండ్లలో తెచ్చిన కాపీలు తెచ్చినట్టే అయిపోయేవి. ఓట్ల కోసం రాసిన పుస్తకమని, చదవకముందే నాకు ఒళ్లు మంట.

తీరా చూస్తే అందులో మా ఇల్లుంది. పేర్లు లేవు కానీ గద్వాలలో ఆ సందు చెబితే ఎవరికైనా మేమేనని తెలుస్తుంది. కరువునాడు తాను ఆకలితో మా వాకిట్లో నిలబడితే, మగ్గం దగ్గరి నుంచి ఒక తల్లి లేచి వచ్చి జొన్నరొట్టె పెట్టిందట.

అమ్మకు చదువు రాదు. నేను చదివి వినిపిస్తే ముఖం మాడిపోయింది.

"నేనెక్కడ పెట్టిన బిడ్డా? ఆ దినం మీ నాయిన, నేను మగ్గం మీద పాత పోగులకు కొత్త పోగులు అతుకుతున్నం. ఇడిస్తె చిక్కువడ్తయని, చెయ్యి ఖాళీ లేదు పో అన్న. గంతే."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడిగినా పెట్టలేదు, పేరు మాత్రం ఊరంతా వచ్చింది. బడి పంతులు మా వాకిట్లో ఆగి దండం పెట్టి పోయాడు. అమ్మ బయటికి రావడమే మానేసింది.

"పేరొస్తుంటే కాదంటవా, ఊకో," అన్నాడు నాయిన.

"పెట్టని రొట్టెకు పేరెందుకు?" అని అమ్మ కంచం పక్కకు నెట్టేది. ఆ పేజీ మళ్లీ చదవనివ్వలేదు. అమ్మను అట్లా చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ప్రచారానికి ఆయన మా సందులోకే వచ్చాడు. అమ్మ మగ్గం వదిలి వచ్చి, జనం ముందే అనేసింది.

"సారూ, మీరు రాసింది అబద్ధం. ఆనాడు నేను మీకు మంచినీళ్లు గూడ ఇయ్యలే."

డప్పులు ఆగిపోయాయి. ఆయన తల దించుకున్నాడు.

"నాకు యాదుంది అవ్వా. పొమ్మన్నవు గని, నేను సందు మలుపు తిరిగేదాంక సూస్తనే ఉంటివి. పెట్టినట్టే అనిపిచ్చింది. గట్లనే రాసిన."

అది లీడరు మాటో మనిషి మాటో నాకిప్పటికీ తెలియదు.

"అనిపిస్తె కడుపు నిండుతదా? కూసోండ్రి," అంది అమ్మ.

వెంట వచ్చినవాళ్లు టైమవుతోందని గొణుగుతున్నా ఆయన గడప పక్కన కూర్చున్నాడు. అమ్మ రొట్టె తట్టి, పుల్లటి పుంటికూరతో పెట్టింది. ఇంకొకటి అడిగి మరీ తిన్నాడు.

జీపు పోయాక అమ్మ చేతులు కడుక్కుని, పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇగ ఆ పేజీ సదువు బిడ్డా. ఇప్పుడు ఇంట."