ఆరో నెల పడింది

మా కోడలి నడుముకు రాడ్లు వేసింది 1999 సెప్టెంబరు 28న. మంగళవారం వద్దన్నాను. డాక్టరుగారు తాను ఆపరేషన్లు చేసేది మంగళవారాలేనన్నారు. గుంటూరులో ఒక ఆసుపత్రి, రెండో అంతస్తు. నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. బయట బల్ల మీద కూర్చున్నవాళ్లలో టైము చూసుకున్నది నేనొక్కదాన్నే.

అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్లు. మూడేళ్లుగా నడుము నొప్పి, ఎడమ కాలు పిక్క దాకా లాగడం. మిరపచేలో రెండు సాళ్లు కోసేసరికి గట్టు మీద కూలబడేది. పక్క సాళ్లలో వాళ్లు బద్ధకమని నవ్వేవాళ్లు. నేనూ ఒకటి రెండుసార్లు ఆ మాటే అన్నాను. ఎక్స్‌రే తీయిస్తే తెలిసింది, నడుము కింది భాగంలో ఒక పూస తన కింద ఉన్న పూస మీద నుంచి ముందుకు జారిపోయిందని. పేర్చిన ఇటుకల్లో ఒకదాన్ని ఎవరో తోసినట్టుంది ఆ ఫొటోలో. ఆ పూసను వెనక్కి లాగి, నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు బిగించి, తుంటి ఎముక నుంచి గీకిన ముక్కలు పక్కన సర్దారు.

డాక్టరుగారు మాకు ఓపిగ్గానే చెప్పారు. స్క్రూలు ఎముకను అతికించవు, కదలకుండా పట్టుకుంటాయంతే. స్లాబు వేసినప్పుడు కింద సెంట్రింగ్ కర్రలు పెడతారు కదా, అలాంటివి. గట్టిపడాల్సింది స్లాబే. ఆరు నెలలు వంగకూడదు, బరువెత్తకూడదు. ఆరు నెలలకు తీసుకొస్తే మళ్లీ ఫొటో తీస్తామన్నారు.

ఇంటికొచ్చి గోడ కేలండరులో సెప్టెంబరు కాగితం మీద ఒకటి అంకె వేశాను. అక్టోబరు మీద రెండు, నవంబరు మీద మూడు. కొత్త కేలండరు వచ్చాక జనవరి మీద అయిదు, ఫిబ్రవరి మీద ఆరు. మా ఇళ్లలో నెలలు లెక్కపెట్టేది అలాగే. కడుపుతో ఉన్న పిల్లకు ఎన్నో నెల అంటే నడుస్తున్న నెల చెబుతాం. పోయినవాళ్లకు పదకొండో రోజు అంటే పోయిన రోజును కలుపుకునే. నా లెక్క తప్పదని ఊళ్లో పేరు. ఎవరింట్లో ఎవరు ఏ తేదీన పుట్టారో నన్నడిగి బళ్లో రాయించేవాళ్లు.

ఆ నెలల్లో కోడలు నేను చెప్పినట్టే నడుచుకుంది. మంచం దిగాలంటే ముందు పక్కకు ఒత్తిగిలడం, బెల్టు బిగించడం, తర్వాతే లేవడం. ఆమె వంగకూడదు గనక పండగ రోజుల్లో కాళ్లకు పసుపు నేనే రాశాను. మొదటిసారి కాళ్లు వెనక్కి లాక్కుంది. మడమ పట్టుకుని మళ్లీ ముందుకు లాగాను. అత్త కోడలి కాళ్లు పట్టుకోవడమేంటని ఇరుగుపొరుగు వింతగా చెప్పుకున్నారు.

2000 ఫిబ్రవరి 2, బుధవారం. కల్లంలో కోసిన కాయ ఎండుతోంది. సాయంత్రం నాలుగింటికి పడమటి నుంచి మబ్బు లేచింది. కూలీలంతా పత్తి తీతకు పోయారు. మా అబ్బాయి ట్రాక్టరు సామాను కోసం ఒంగోలు వెళ్లాడు. ఎండిన కాయకు ఒక్క జల్లు తగిలినా మచ్చపడి తాలు కాయ కింద సగం ధరకు పోతుంది. కల్లంలో ఉన్నది నేను, కోడలు. ఆమె బెల్టు మీద చెయ్యి వేసుకుని అడిగింది.

"అత్తయ్యా, ఆరు నెలలు అయినట్టేనా?"

"నిన్నటితో ఆరో నెల పడింది. వంగు."

వంగింది. చేటలతో ఎత్తి పదకొండు టిక్కీలు నింపాం. టిక్కీ అంటే మార్కెట్ యార్డుకు పోయే మిరపకాయల గోతం, నలభై కిలోలకు తగ్గదు. చెరో కొసా పట్టుకుని వసారాలోకి చేర్చాం. నాకప్పటికి అరవై రెండేళ్లు. బరువు ఎవరి వైపు ఒరిగిందో వేరే చెప్పక్కర్లేదు. మబ్బు చీరాల వైపు తేలిపోయింది. ఒక్క చినుకు పడలేదు.

"ట్రాక్టరు మొరాయిస్తే నన్ను తగిలించమనండి మీ అబ్బాయిని. నడుములో ఇనుముంది" అంది చెమట తుడుచుకుంటూ. ఇద్దరం నవ్వాం.

పదహారో రోజున నొప్పి మొదలైంది. రమ్మన్న తేదీ దాకా ఆగి, మార్చి 28న గుంటూరు తీసుకెళ్లాం. ఫొటోలో ఎడమ పక్క కింది స్క్రూ రెండు ముక్కలై ఉంది. మిగతావాటి చుట్టూ సన్నటి నల్ల గీత, అంటే వదులయ్యాయట. ఎముక అతుక్కోలేదు. డాక్టరుగారు ఎప్పుడు బరువెత్తారని అడిగారు. ఆరో నెల పడ్డాకేనని ధీమాగా చెప్పి, తేదీ కూడా చెప్పాను. ఆయన వేళ్లు మడిచారు.

"నాలుగు నెలల అయిదు రోజులే కదమ్మా. నేను ఆరు నిండాలన్నాను."

ఆయన నిండాలనలేదు. ఆరు నెలలు అన్నారు. ఆ మాట మీద ఆయనతో వాదించాను. విరిగిన స్క్రూ ఫొటో ముందు, కోడలు గోడకు ఆనుకుని నిలబడి ఉండగా, ఒక్క మాట కోసం వాదించాను.

మళ్లీ విప్పి బిగిస్తే అతుకుతుందా అంటే ఆయన గట్టిగా చెప్పలేకపోయారు. కోడలు వీపు ఇంకోసారి కోయించుకోనంది. 2001 ఉగాదికి ఎడమ పాదం ఈడ్వడం మొదలైంది. 2003 శ్రావణానికి చేతికర్ర వచ్చింది. ఇప్పుడు పొయ్యి దగ్గర కూర్చుంటే ఇద్దరు లేపాలి. నలభై మూడేళ్లు. నేను డెబ్భై దాటి కూడా ఆమె కంటే నిటారుగా నడుస్తున్నాను.

ఎవరడిగినా ఆమె చెప్పేది ఒకటే. స్క్రూలు నాసివి, డాక్టరు సరిగ్గా బిగించలేదు. ఎందుకట్లా చెబుతావని ఒకసారి అడిగాను. "మరేం చెప్పమంటారు?" అంది. అంతకు మించి మా మధ్య ఆ ప్రస్తావన రాలేదు.

2004లో ఒక ఆదివారం మధ్యాహ్నం, ప్రార్థన అయ్యాక, చర్చి వీధి టీచరమ్మ ఎక్స్‌రే కవరు పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆమెకూ పూస జారింది. గుంటూరులో ఆపరేషనే దారి అన్నారట. "అక్కా, చేయించుకోమంటావా?" అని కోడల్ని అడిగింది. నేను పక్కన చింతపండులో గింజలు తీస్తున్నాను. కోడలు నా వైపు చూడలేదు.

"వద్దు. ఇనుము నిలవదు. నన్ను చూస్తున్నావుగా."

తప్పు ఇనుముది కాదు, నాదని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. గింజలు తీస్తూనే ఉన్నాను.

టీచరమ్మ కవరు అరుగు మీద మరిచిపోయింది. మర్నాడు నేనే తీసుకెళ్లాను. వీధి పొడవునా ఆ వాక్యాన్ని నోట్లో సిద్ధం చేసుకుంటూ నడిచాను. ఆమె గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"చేయించుకోవడం లేదులెండి, పెద్దమ్మగారూ. అక్క చెప్పింది కదా."

కవరు చేతికిచ్చాను. "మంచిపని చేశావు" అన్నాను.