పొడిగించిన ప్రార్థన

ఆ రోజు నేను ఒక ప్రార్థనను కావాలని పొడిగించాను. ఏడేళ్లుగా నేను మోస్తున్న బరువు అదే. వినడానికి ఇదీ ఒక తప్పేనా అనిపిస్తుంది. నేను ఎవరినీ కొట్టలేదు. ఒక్క కఠినమైన మాట కూడా అనలేదు. కళ్లు మూసుకుని, తల వంచుకుని, దేవుణ్ణి పిలుస్తూ చేసిన పని అది. అందుకే ఎవరికీ చెప్పలేకపోయాను. కొట్టినవాడైతే కొట్టానని ఒప్పుకోగలడు. నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లు సగంలోనే ఓదార్చడం మొదలుపెడతారు. నాకు ఓదార్పు వద్దు. చివరిదాకా వినండి, చాలు.

మాది నరసన్నపేటకు దగ్గర్లో ఒక పల్లె. తాతల నాటి నుంచి బాప్టిస్టు సంఘం వాళ్లం. చిన్నప్పటి నుంచి నాకు ప్రార్థన బాగా చేస్తాడని పేరు. గొంతు మెత్తగా ఉంటుంది, మాట తడుముకోకుండా వస్తుంది. డిగ్రీ అయ్యాక చాలాకాలం పని దొరకలేదు. చివరికి ఆటోలకు అప్పులిచ్చే ఒక ఫైనాన్సు కంపెనీలో వసూళ్ల పనికి చేరాను. వాయిదాలు ఆగిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లాలి, అడగాలి, కట్టకపోతే బండి తీసుకురావాలి. నాతో పాటు అప్పలరాజు అనేవాడు తిరిగేవాడు. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, అయినా నన్ను బావా అనే పిలిచేవాడు.

చేరిన కొత్తలో మమ్మల్ని విశాఖపట్నం పిలిపించి ఒక పూట కూర్చోబెట్టి నియమాలు చెప్పారు. అవి ఇప్పటికీ గుర్తున్నాయి. మీ ఇంటికి ఎప్పుడైనా నాలాంటివాడు వస్తే పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను. అప్పు ఉన్నంత మాత్రాన మీ గడప మాది అయిపోదు. మీరు రమ్మంటేనే మేము లోపలికి రావాలి. మీరు తలుపు తీయకపోతే అది నేరం కాదు, మీ హక్కు. మేమెవరమో చెప్పి, గుర్తింపు కార్డూ కంపెనీ ఇచ్చిన కాగితమూ చూపించాలి. బండి తీసుకునే ముందు నోటీసు ఇచ్చి, కట్టుకోవడానికి గడువు ఇవ్వాలి. పొద్దుపోయాక రాకూడదు. బెదిరించకూడదు. నలుగురిలో పరువు తీయకూడదు. మాయమాటలు చెప్పి లోపలికి దూరకూడదు. వాటన్నింటి కిందా నేను సంతకం పెట్టాను. కాబట్టి తెలియక చేశానని అనడానికి నాకు దారి లేదు.

సుగుణమ్మ గారి ఊరు మాకు నాలుగైదు ఊళ్ల అవతల. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండేది. భర్త ప్రకాశం ఆటో నడిపేవాడు. వాన కారుతోందని ఇంటి రేకులు సర్దుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆటో దొడ్డిలో పట్టా కింద నిలబడిపోయింది. వాయిదాలు ఆగిపోయాయి. మేము వెళ్లిన రెండుసార్లూ గేటుకు లోపలి నుంచి తాళం ఉంది. ఆమె కిటికీలోంచే మాట్లాడింది.

"కాయితం సూపించండి బాబూ. కాయితం లేకండా గేటు తియ్యొద్దని మా తమ్ముడు సెప్పినాడు. ఆయన కాలు కూడితే నడుపుతాడు, కడతాం. ఎక్కడికీ పారిపోం."

మా దగ్గర కాగితం లేదు. నోటీసు ఆఫీసులోనే ఉండిపోయిందని, పంపలేదని నాకు తెలుసు. తిరిగి వచ్చేశాం. ఆమె చేసింది సరైన పని. ఆ తాళం అలాగే ఉంటే ఆ బండి వాళ్లకు మిగిలేదేమో. కనీసం గడువు మిగిలేది.

ఆ తర్వాతి ఉపాయం ఎవరిదని మీరు అడగవచ్చు. చాలాకాలం అది అప్పలరాజుదని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నాదే. రెండోసారి వెళ్లినప్పుడు వసారాలో బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు కనిపించింది. వాళ్లు మావాళ్లేనని తెలిసింది. మావాళ్లలో ఒక అలవాటు ఉంది. విశ్వాసి ఎవరైనా గడపలో నిలబడి వందనాలు అంటే తలుపు తెరుచుకుంటుంది. ఎవరు, ఎందుకు అని అడగరు. చాప వేస్తారు, నీళ్లిస్తారు, ప్రార్థన చేయమంటారు. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటికైతే పక్క ఊళ్ల నుంచి కూడా ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి ప్రార్థించి వెళతారు. తాళం అవసరం లేని చోటు అదొక్కటే. నేను దాన్నే పట్టుకున్నాను.

అప్పలరాజుకు చెబితే ఎగిరి గంతేశాడు. "ఒరే బావా, నాను బండి తారురోడ్డు ఎక్కించినంత వరకూ నువ్వు ఆమెన్ అనకు" అన్నాడు.

"అంతసేపు ఏం చెప్పనురా?"

"నీకు దేవుడి మాటలకి కొదవేటి?"

సాయంత్రం వెళ్లాను. చేతిలో బైబిలు ఉంది. బండి రెండో తాళం చెవి ఆఫీసులో ఉండేది, అది అప్పలరాజు జేబులో ఉంది. వాడు ఇంకొకణ్ణి తోడు తెచ్చుకుని సందు మలుపులో ఆగిపోయాడు.

"వందనాలమ్మా. ప్రకాశం గారికి బాగోలేదని విన్నాను" అన్నాను. ఆ మాట నిజమే. ఇంతకుముందు రెండుసార్లూ నేను వెనక బైకు దగ్గరే ఆగిపోవడం వల్ల ఆమె నన్ను గుర్తుపట్టలేదు.

"వందనాలు, వందనాలు. రండి అయ్యగారూ" అంటూ కొంగుకు కట్టుకున్న తాళం చెవితో గేటు తీసింది. మావాళ్లు పాస్టరునే అయ్యగారంటారు. నేను పాస్టరును కాను. కానని చెప్పలేదు. నేను లోపలికి రాగానే ఆమె మళ్లీ తాళం వేయబోయింది.

"ఎందుకమ్మా, కాసేపట్లో వెళ్లిపోయేవాణ్ణే కదా" అన్నాను.

"అదీ నిజమేలెండి" అని నవ్వి, గేటు దగ్గరగా వేసి వదిలేసింది.

ప్రకాశం మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. లేవబోతే వద్దన్నాను. చాప వేశారు. నీళ్లు ఇచ్చారు. తాగాను. ఆ నీళ్లు ఎలా దిగాయో నాకిప్పటికీ అర్థం కాదు.

"అయ్యగారూ, బండి వోల్లు మల్లీ రాకండా పార్దన సెయ్యండి" అంది ఆమె.

"ముందు నా కాలు సంగతి సెప్పండి దేవుడికి. కాలు కూడకపోతే బండి ఉండీ ఏటి సేస్కుంతాం?" అన్నాడు ప్రకాశం.

"నీ కాలు కోసం నాను రోజూ సేస్తన్నాను గాని, నువ్వు ఊరుకో!"

ఇద్దరూ నవ్వుకుంటూనే కళ్లు మూసుకున్నారు. ఆమె ముసుగు వేసుకుంది. నేను మొదలుపెట్టాను.

ఆ ప్రార్థన మొత్తం గుర్తుంది. కాలు కోసం చేశాను. ఇంటి కోసం చేశాను. ఈ కుటుంబానికి కావలి ఉండమని అడిగాను. అవును, ఆ మాటే అడిగాను. దొడ్డిలో పట్టా లాగిన చప్పుడు వినిపించింది. గొంతు పెంచాను. ఆటో పక్క భాగం గోడకు రాసుకున్నట్టు గరగరమంది. ఇంకా పెంచాను. ఊరి కోసం, దేశం కోసం, రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం చేశాను. మాటలు వాటంతటవే వస్తున్నాయి. నాకు భయం వేసింది అక్కడే. నేను దేవుడితో మాట్లాడుతున్నానా? ఇన్నేళ్లుగా మాట్లాడింది దేవుడితోనేనా, లేక నా గొంతు వినేవాళ్లతోనా? ఒక్క కన్ను తెరిచి చూశాను. వాళ్లిద్దరి తలలూ వంగే ఉన్నాయి.

ఆమెన్ అన్నాక, రోడ్డు మీద ఇంజను స్టార్టయింది.

"అది మన బండే!" అన్నాడు ప్రకాశం.

ఆమె బయటికి పరుగెత్తింది. గేటు బార్లా తెరిచి ఉంది. వెనక్కి వచ్చి, ఊపిరి ఆడక, నన్నే అడిగింది.

"అయ్యగారూ, మీరొచ్చినప్పుడు బయట ఎవలైనా ఉన్నారేటి?"

"ఎవరూ లేరమ్మా" అన్నాను.

ఆ సాయంత్రం నేను సూటిగా చెప్పిన అబద్ధం అదొక్కటే. మిగతావన్నీ నిజాలతోనే చేశాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఉద్యోగం మానేశాను. పశ్చాత్తాపంతో అనుకోకండి. ఆ బ్రాంచి మూసేశారు. ఇప్పుడు ఒక రైసుమిల్లులో గుమాస్తాగా ఉన్నాను. ఆ బండిని వేలం వేశారని విన్నాను. అంతకు మించి కనుక్కోలేదు. కనుక్కోకపోతే జరగనట్టే ఉంటుందని అనుకున్నానా? అలాగే అనుకున్నాను.

పోయిన ఏడాది శ్రీకాకుళంలో సువార్త కూటములకు వెళితే, భోజనాల దగ్గర ఒకామె నా ముందుకొచ్చి వందనాలంది. సుగుణమ్మ గారు. పక్కనున్న ఆడవాళ్లను పిలిచి మరీ చెప్పింది.

"మా బండి పోయినరోజు పార్దన సేసిన అయ్యగారు ఈయనే. ఎంత బాగా సేసినారనీ! తప్పు నాదే. గేటుకి తాలం ఎయ్యడం మర్సిపోనాను. మా ఆయన ఇప్పటికీ అంతాడు. ఉప్పు డబ్బాకి మూత పెట్టకపోయినా సరే, 'ఇదీ తెరిసీసేవా, ఇంకేటి పోవాల?' అని."

నవ్వుతూనే చెప్పింది. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ప్రకాశం ఒక పెళ్లిళ్ల హాలు దగ్గర వాచ్‌మన్‌గా చేస్తున్నాడని ఆ మాటల్లోనే తెలిసింది.

అప్పటిదాకా నేను వాళ్ల బండి తీసుకున్నాననుకున్నాను. కాదు, ఆమెకు ఒక తప్పును అంటగట్టి వచ్చాను. ప్రతిరోజూ, ఉప్పు డబ్బా దగ్గర కూడా, ఆమె నా తప్పు మోస్తోంది. తాళం వద్దన్నది నేనే కదా. ఆ మాట ఆమె నిజంగానే మరిచిపోయిందా? లేక అయ్యగారి మీదికి నింద వెళ్లకూడదని తనమీద వేసుకుందా? నేను అడగలేకపోయాను. అంత తెలిసీ మరో ఏడాది నోరు మూసుకున్నాను. రోజూ రేపు వెళదామనుకునేవాణ్ణి.

ఈ వేసవిలో వెళ్లాను. ఆమె తాళం చెవి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. "తీయకండమ్మా. ముందు విని, ఆ తర్వాత మీ ఇష్టం. ఆయన్ని కూడా పిలవండి" అన్నాను. ప్రకాశం కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఊచల ఇవతల నుంచే అంతా చెప్పాను. ఉపాయం నాదని, తాళం వద్దన్నది నేనని, చప్పుడు వినపడకూడదనే గొంతు పెంచానని, నోటీసు పంపనేలేదని. అప్పలరాజు పేరు చెప్పలేదు. అది వాడి ఇష్టం.

ప్రకాశం నేలకేసి చూస్తూ అన్నాడు.

"నాను ఇన్నాను. బండి గోడకి రాసుకున్న సప్పుడు. పార్దనలో కల్లు తెరవకూడదని ఊరుకున్నాను."

సుగుణమ్మ గారు నన్ను చూడలేదు. అతని వైపు తిరిగింది. "ఇన్నావా? ఇనీసి, ఇన్నేల్లూ నన్నన్నావా?"

అతను కుంటుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఆమె నాతో ఒకే మాట అంది. "ఎల్లండి."

వచ్చేశాను. ఒక బరువు దించడానికి వెళ్లి, ఆ ఇంట్లో ఇంకొకటి దించి వచ్చినట్టయింది. చెప్పకుండా ఉండాల్సిందా? దారి పొడవునా అదే ప్రశ్న.

తర్వాత ఆమె తమ్ముడు నా నంబరు కనుక్కుని ఫోను చేసి నన్ను ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్లాడు. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. లాయరు చదివి తల అడ్డంగా ఊపాడు. ఇలాంటి ఫిర్యాదుకు గడువు ఉంటుందట, అది ఎప్పుడో దాటిపోయిందట. అప్పుడే వచ్చి చెప్పి ఉంటే కేసు నిలబడేదట. నా మౌనం వాళ్ల హక్కును కూడా తినేసింది. బండి విలువ ఎంతో కొంత నెలనెలా ఇచ్చుకుంటానన్నాను. తమ్ముడు అక్కను అడిగి వచ్చి చెప్పాడు. "డబ్బు మాట తరవాత సూద్దాం. ముందు మా సంగంలో నిలబడి సెప్పమంది."

ఆ ఆదివారం వెళ్లాను. సాక్ష్యాల సమయంలో అక్కడి పాస్టరు నాకు అవకాశం ఇచ్చారు. అందరూ తమకు జరిగిన మేళ్లు చెబుతున్నారు. నా వంతు వచ్చింది. సుగుణమ్మ గారు ఆడవాళ్ల వైపు ముందు వరసలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు. ప్రకాశం గుమ్మం పక్కన కుర్చీలో ఉన్నాడు. వాళ్లు నన్ను క్షమించలేదు. నేను అడగలేదు కూడా. జీవితంలో మొదటిసారి మాటలకు తడుముకున్నాను. విచిత్రంగా, అలా తడుముకోవడమే నాకు కాస్త ఊరట అనిపించింది.

"ఆ రోజు గేటుకు తాళం లేకపోవడం సుగుణమ్మ గారి తప్పు కాదు. తప్పు నాది" అన్నాను.

వెనక వరసలోంచి ఒక ముసలామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఇనబడ్నేదు నాయనా. ఎవలి తప్పు కాదన్నావు? మల్లీ సెప్పు."

మళ్లీ చెప్పాను, సుగుణమ్మ గారి పేరుతో సహా, గుమ్మం దాకా వినపడేలా.