కట్టకు ఇరవై ఐదు

మూడేళ్ల కిందటి మాట. వారమంతా కామారెడ్డిలో పిల్లలకు ఇంగ్లిష్ చెప్పి, ఆదివారం బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లేవాణ్ణి. అక్కడ ఓపెన్ స్కూల్ కాంటాక్ట్ క్లాసులు, అంటే ఎప్పుడో బడి మానేసిన పెద్దవాళ్లకు సెలవు రోజు పాఠాలు. అప్పటికే గొంతు అరిగిపోయి ఉండేది, ఓపిక కూడా.

ఆ క్లాసులకొచ్చే సాయవ్వ అంగన్‌వాడీలో ఆయా. ఇంటి దగ్గర బీడీలు చుట్టేది. ఆమె సెంటర్లో టీచరమ్మ రిటైరవుతోంది. పదో తరగతి పాసైతే ఆ పోస్టు సాయవ్వకే. మిగిలింది ఇంగ్లిష్ ఒక్కటే.

పరీక్షలో కంజంక్షన్లు తప్పకుండా వస్తాయి. అండ్, బట్, బికాజ్ లాంటివన్న మాట. రెండు మాటల్నో, రెండు వాక్యాల్నో కలిపే చిన్న పదాలు. వివరించే ఓపిక లేక, కలిపేసిన వాక్యాలే ఇరవై ఐదు రాసి, జిరాక్స్ తీసి పంచాను. "ఇవి చదువుకోండి, చాలు" అన్నాను.

సాయవ్వ ఫెయిలైంది.

"అన్నీ నోటికొస్తయ్ సార్. గిట్లెందుకైంది?" అని వచ్చి అడిగింది. ఎనిమిదోది చెప్పమన్నాను. కళ్లు మూసుకుంది. ఒళ్లో ఆకు చుడుతున్నట్టే వేళ్లు కదిలాయి. మొదటి వాక్యం నుంచి గొణుక్కుంటూ వచ్చి ఎనిమిదో దాని దగ్గర ఆగింది.

"కట్టకు ఇర్వై ఐదు బీడీలు గద సార్. బీడీకొకటి చొప్పున బట్టీ వట్టిన. నడుమ నుంచి అడిగితే రాదు."

పరీక్షలో నడుమ నుంచే అడిగారు మరి. నాకు తల కొట్టేసినట్టయింది. జిరాక్సులు పక్కన పెట్టాను.

"పోయిన వారం ఎందుకు రాలేదమ్మా?"

"జరమొచ్చింది సార్. రాలే."

"ఆ రెండూ కలిపి చెప్పు."

"జరమొచ్చింది కాబట్టి రాలే."

"ఆ 'కాబట్టి' చేసే పనే ఇంగ్లిష్‌లో 'సో' చేస్తుంది."

"గింతేనా? గిది మొదలే చెప్తే అయిపోతుండె గద సార్!" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ రాసి, మెమో పట్టుకొని వచ్చింది. "పాసైన సార్. పోస్టు మాత్రం పోయిన నెలనే నింపిండ్రు. వేరే ఆమెను తీస్కున్నరు."

"తప్పు నాదే" అన్నాను.

"మీరేం జేస్తరు సార్, అలసిపోయి వస్తుంటిరి."

తిట్టినా బాగుండేది.

ఇప్పటికీ ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. అలసట అలాగే ఉంది. జిరాక్సులు మాత్రం పంచను. ఒక్కొక్కరినీ వాళ్ల ఇంటి సంగతే అడిగి వాక్యాలు కలిపిస్తాను, బస్సు తప్పిపోయినా సరే. నేను ఓపిక చేసుకోని ఆ ఒక్క ఆదివారం వల్ల, సాయవ్వ ఇంకా ఆయాగానే పనిచేస్తోంది.