జడ్జికి నేను రెండుసార్లు రాసిన ఉత్తరం

మీకు బాగా తెలిసిన మనిషి జైలుకి వెళ్లబోతూ, తన గురించి జడ్జికి నాలుగు మాటలు రాసిమ్మంటే నిజం రాస్తారా, అబద్ధం రాస్తారా? తొందరపడి జవాబు చెప్పకండి. నేను అబద్ధమే రాశాను.

సిడ్నీలో, గిరావీన్‌లో మా పక్క వీధిలో ఉండేవాడతను. రెండువేల సంవత్సరం దగ్గరపడుతున్న వైటుకే రోజులు. కంప్యూటర్ పని వచ్చంటే చాలు, వీసా వచ్చేస్తుందనుకునే కాలం. అతను వీసా దరఖాస్తులు నింపే ఆఫీసు నడిపేవాడు. ఏ కంపెనీలోనూ పనిచెయ్యని వాళ్లకి ఏళ్ల తరబడి చేసినట్టు అనుభవ పత్రాలు పుట్టించాడు. పట్టుబడ్డాడు. అది ఫెడరల్ నేరం, అంటే కేంద్ర ప్రభుత్వమే కేసు పెట్టేది. కోర్టులో మొదటి రోజే ఒప్పేసుకున్నాడు. ఇక తేలాల్సింది శిక్ష ఎంతన్నదే.

శిక్ష వేసేముందు, ముద్దాయిని ఎరిగినవాళ్లు రాసిన ఉత్తరాలు జడ్జి చదువుతాడు. మనవాళ్లం పద్నాలుగు మందిమి రాసి అతని చేతికిచ్చాం. మంచి వంశం, గుడికి విరాళాలు, కూతురికి కూచిపూడి! మిగతావాళ్లు నేరం ఊసే ఎత్తలేదు. సభల్లో మూఢనమ్మకాలని చీల్చి చెండాడే నేను ఎత్తాను, 'తెలియక జరిగిన పొరపాటు' అని.

శనివారం పొద్దున ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"అన్నా, ఇది చెల్లదు."

"ఏం, ఇంగ్లీషు బాగాలేదా?"

"ఇంగ్లీషు బ్రహ్మాండం. నేనే లేను అందులో. నేను తెలిసే చేశాను. దొంగ పత్రాలు రాసి జైలుకి పోతున్నవాడికి మీరింకో దొంగ పత్రం రాసిచ్చారు."

కాఫీ తెచ్చిన నా భార్య ఊరుకోలేదు. "సభలో ఎవరైనా ఈ మాటంటే ఈపాటికి మీరే చప్పట్లు కొట్టేవారు కదండీ!"

అతను పద్నాలుగు ఇళ్లకీ వెళ్లాడు. ప్రతి సోఫాలోనూ కూర్చుని, చేసిందేమిటో తన నోటితో చెప్పి, నిజం రాయమని ఉత్తరం వెనక్కిచ్చాడు. ఒక పెద్దాయన శాంతి హోమం చేయించమన్నాడట.

"నేను మోసం చేసింది గ్రహాల్ని కాదు అంకుల్" అని లేచి వచ్చేశాడు.

తొమ్మిది మంది మళ్లీ రాయలేదు. నాతో కలిపి అయిదుగురం రాశాం, ఈసారి అతను తెలిసే చేశాడని. ఉత్తరాలు తగ్గితే శిక్ష పెరుగుతుందేమోనని అతని భార్య భయపడింది. అతను మాత్రం ఆ వారాల్లో ఆవిడకి కారు నడపడం నేర్పాడు. పదేళ్ల కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని జరిగింది చెప్పాడు.

"సో యు లైడ్, నాన్నా?"

"అవునమ్మా, అబద్ధమాడాను."

ఆ పిల్ల ప్రశ్నలు అయిపోయేదాకా అతను కుర్చీలోంచి కదల్లేదు. అంత ధైర్యం నేను ఏ వేదిక మీదా చూడలేదు.

పద్దెనిమిది నెలల శిక్ష పడింది. మా అయిదు ఉత్తరాల వల్ల తగ్గిందా? నాకు తెలియదు. తెలియనిది తెలుసని ఇక రాయను. బయటికొచ్చాక మనవాళ్లు బార్బీలకి, అదే పెరట్లో బార్బెక్యూ విందులకి, పిలవడం మానేశారు. ఉద్యోగ దరఖాస్తుల్లో తన నేరం తనే రాసేవాడు. చాలా చోట్ల పొమ్మన్నారు. చివరికి ఒక గోడౌన్‌లో తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి సరుకు లెక్క సరిచూసి సంతకం పెట్టే పని అతనికే ఇచ్చారు.

రేపు మీ గుమ్మంలోకీ ఎవరో ఒకరు వస్తారు. వంశం, విరాళాలు పక్కన పెట్టండి. అతను చేసిన నేరాన్ని మొదటి వాక్యంలోనే రాయండి. అది రాశాక కూడా అతనిలో మంచి కనిపిస్తే, దాన్ని రెండో వాక్యంలో రాసి, కింద మీ పేరు పెట్టండి.