మామ కథలో విలన్ ఎవరు?

సొంత మేనమామను ఒక్క మాటైనా తిట్టకుండా ఎన్నికల్లో ఓడించడం ఎలాగో తెలియనివారు ఇది చదవండి. నేను చేసి చూపించాను.

అప్పుడు మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. జరిగిన సంగతులు ముక్కలుగా చెబితే కంప్యూటర్‌కు అర్థం కావు, కథగా చెబితే అవుతాయి. ఇదీ నా ప్రాజెక్టు. కథానాయకుడు, కష్టం, ప్రయత్నం, విలన్, ముగింపు: ఈ ఐదు గడులు నింపితే చాలు. (అలాగని నేననుకున్నాను. కంప్యూటర్‌ను ఎవరూ అడగలేదు.)

చేవెళ్ల దారిలోని మా ఊళ్లో యాదగిరి మామ వార్డు మెంబరు. సర్పంచ్ పదవికి నిలబడ్డాడు.

"అల్లుడా, ఐదేండ్లల్ల నేను చేసిన సేవంత చెప్త. నీ కంప్యూటర్‌తోని కతలెక్క చెప్పియ్యి. జనం పరేషాన్ కావాలె."

"సరే మామా. విలన్ ఎవరు?"

"విలనెందుకురా?"

"ఆ గడి ఖాళీ ఉంటే కంప్యూటరే ఎవల్నో ఒకల్ని వెతుక్కుంటది."

"వెతుక్కోనియ్యి! నువ్వైతే ఎవ్వల పేరు వెట్టకు. అందరియి ఓట్లే."

మామ చెప్పిన సేవా, ఆ తర్వాత ఏమైందో ఊళ్లోవాళ్లు చెప్పిందీ కంప్యూటర్‌కు ఎక్కించాను. సభ కోసం నేను రాసుకున్న జాబితాలో పన్నెండు పనులున్నాయి. వైరు, తెర, మైకు, ఆ మైకు పాడైతే ఇంకో మైకు... కంప్యూటర్ ఏం చెప్పబోతోందో ముందుగా ఒకసారి వినడం మాత్రం అందులో లేదు.

షామియానా కింద ఊరంతా కూర్చుంది. కంప్యూటర్ గొంతు విప్పింది.

"బోరు ఎండింది. యాదగిరి వచ్చాడు. కొబ్బరికాయ కొట్టాడు. ఫొటో దిగాడు. నీళ్లు రాలేదు."

మామ దండం పెట్టిన చేతులు దించలేదు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"మురుగునీటి మోరీ నిండింది. యాదగిరి వచ్చాడు. ఫొటో దిగాడు. మోరీ పొంగింది."

"బంద్ చెయ్‌రా!"

ఉన్న మీటలన్నీ నొక్కాను. వరద వాగుకు తలుపేస్తే ఆగుతుందా?

"ప్రతి కష్టంలోనూ కనిపించిన మనిషి ఒక్కడే. విలన్: యాదగిరి."

ముందు వరసలో ఒక అవ్వ చప్పట్లు కొట్టింది. "సదువుకున్న మిషనే బిడ్డా! నాకు తెల్వనీకి ఐదేండ్లు వట్టె."

మామ ముఖం బీట్‌రూట్ అయింది. "నీ మిషన్‌కు ఓటున్నదారా?"

"లేదు మామా."

"ఇగ నాకు గూడ లేవు!"

అన్నట్టే అయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో మామను ఓడించి, ఇంటికి పోలేక హాస్టల్లో దాక్కున్నాను.

గెలిచిన సర్పంచ్ అక్కడికే మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు. "తమ్మీ, మస్తు సాయం జేసినవ్. ఇంకొక్కటి జెయ్యి."

"ఏందన్నా?"

"రేపటిసంది నేను గూడ సేవ మొదలువెడ్తున్న. జర ఆ కంప్యూటర్‌కు చెప్పకు."

కాబట్టి పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పిడుగులు, ప్రమాదాలు, కోళ్ల దొంగతనాలు, ఏవైనా సరే నా కంప్యూటర్‌కు కథలుగా చెబుతాను. ప్రజాసేవ మాత్రం ఈ జన్మకు చెప్పను.